పీరు వండని వంటలు

పీరు కువైట్‌లో నాలుగేళ్లున్నాడు. ఆ నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా వంట చేయలేదు. ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు వాడి భార్య రసూల్‌బీ, రెండోవాణ్ణి నేను. మిగతా ఊరంతా, చుట్టుపక్కల పదిహేను ఊళ్లతో సహా, వాడు అక్కడ ఒక షేకుగారి ఇంట్లో పెద్ద వంటవాడిగా చేసి వచ్చాడని నమ్మింది. అందరికంటే గట్టిగా నమ్మింది వాడి కూతురు షాహిస్తా.

నా పేరు జక్రయ్య. పర్చూరు దగ్గర మా ఊళ్లో షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తాను. పెళ్లయినా, దినమైనా, దర్గా దగ్గర మొక్కు తీర్చుకునే కందూరైనా నా డేగిసాలు వెళ్లందే పొయ్యి వెలగదు. వాటి వెనకాలే పీరు వెళ్తాడు. కాబట్టి వాడి బతుకు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకునేవాణ్ణి. అది నా పొగరు.

పీరుకు కుదురు లేదు. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చుంటాడు. పులావు దమ్ముకు పెట్టాక ఏ వంటవాడైనా బీడీ ముట్టించి నడుం వాలుస్తాడు. వీడు మాత్రం పొయ్యి చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. మధ్యమధ్య ఆగి, బంతిలో కూర్చున్న జనాన్ని తలలు లెక్కపెడుతున్నట్టు చూస్తాడు. వండింది తినడు. ఇరవై కిలోల వేటమాంసం వండి, ఒక మూలన కూర్చుని పెరుగన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటాడు. అడిగితే, "వాసనతోనే కడుపు నిండిద్దన్నా" అంటాడు. వంటవాళ్లు చాలామంది అంతేలే అని నేనూ వదిలేశాను.

వాడి తండ్రి ఇమాం హుస్సేన్ దూది ఏకేవాడు. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. చుట్టూ పత్తి పండే ఊళ్లే అయినా, ఫోం పరుపులు వచ్చాక దూది పరుపు అడిగే నాథుడు లేకపోయాడు. పీరుకు విల్లు మిగిలింది గాని పని మిగల్లేదు. అలాంటప్పుడు ఒక ఏజెంటు వచ్చి కువైట్‌లో ఇంటి వంటకు మనిషి కావాలన్నాడు. అప్పటికి పీరుకు టీ కాచడం కూడా సరిగ్గా రాదు. వెళ్తే వాళ్లే నేర్పుతారన్నాడు ఏజెంటు. మా ఆయన షేకుల ఇంట్లో వంటకు వెళ్తున్నాడని రసూల్‌బీ ఊరంతా చెప్పుకుంది. పాపం, ఆవిడ తప్పేం లేదు.

విమానం దిగినవాణ్ణి దిగినట్టే జీపెక్కించి, ఎడారిలోకి తీసుకెళ్లి, మూడొందల గొర్రెల ముందు దింపారు. ఒక గుడారం, ఒక నీళ్లతొట్టి, ఒక కర్ర. వారానికోసారి ఎండిన రొట్టెలు, ఖర్జూరాలు, ఉల్లిపాయలు వచ్చేవి. గొర్రెల మధ్య నాలుగేళ్లు బతికినవాడికి మాంసం ముక్క పెట్టినవాడు లేడు.

ఒకవైపు మంద దగ్గర గుల్ అని ఆఫ్ఘనిస్తాన్ మనిషి, మరోవైపు ఇద్రీస్ అని సూడాన్ మనిషి ఉండేవాళ్లు. సాయంత్రం మందలు నీళ్లకు చేరినప్పుడు ముగ్గురూ కలిసేవాళ్లు. వచ్చీరాని అరబ్బీలో, సగం సైగలతో మాటలు. ఆకలిగా ఉన్నవాళ్లు ఏం మాట్లాడుకుంటారు? తిండి గురించే. గుల్ వాళ్ల కొండల్లో చలికాలానికి ముందే పొట్టేలును కోసి, బొచ్చు కాల్చి, ఉప్పు పట్టించి వేలాడదీస్తారట. మంచు పడి దారులన్నీ మూసుకుపోయాక ఆ ఎండుమాంసం తీసి ఉడికిస్తే ఇల్లంతా పండగట. ఇద్రీస్ వాళ్ల ఊళ్లో వేట తెగిన వెంటనే పచ్చి కార్జం మీద నిమ్మకాయ పిండి, ఉల్లిపాయలు, కారం చల్లుకుని తింటారట. కారం అన్న మాట వినేసరికి పీరుకు ఏడుపొచ్చిందట. నీళ్ల ట్యాంకరు డ్రైవరుది సిరియా. వాళ్లమ్మ మాంసాన్ని పెరుగులో ఉడికించి అన్నం మీద పోసేదట. మజ్జిగపులుసులో వేట వేస్తారా అని పీరు నోరు తెరిచాడట. గుల్ అయితే చెబుతూ చెబుతూ ఉత్తి వేళ్లు నాక్కునేవాడట. ఆ మాటలు నంజుకుంటే రొట్టె దిగేదన్నా అని, ఒకసారి చీరాల నుంచి టెంపోలో పాత్రలు తెస్తూ పీరు నాకు చెప్పాడు.

తిరిగి వచ్చిన రోజున వాకిట్లో చుట్టాలంతా చేరారు. ఎనిమిదేళ్ల షాహిస్తా వాడి ఒళ్లో కూర్చుని, "నాన్నా, అక్కడ ఏం వండావు?" అని అడిగింది. అందరూ వాడి మొహంలోకే చూస్తున్నారు. పీరు ఒక్క క్షణం ఆగి, గుల్ వాళ్ల కొండల్లోని పొట్టేలును వండేశాడు. మంచుదేశం నుంచి షేకుగారికి చుట్టాలొచ్చారన్నాడు, వాళ్లకోసం నెలరోజుల ముందే మాంసం ఆరబెట్టానన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వాడిది అతికింది. అందులో వంట నిజం, వంటవాడే అబద్ధం.

తర్వాత చిలకలూరిపేటలో హుస్సేన్ సాహెబ్ అనే ముసలి వంటమనిషి దగ్గర వాణ్ణి నేనే చేర్పించాను. ఆర్నెల్లు ఉల్లిపాయలు తరిగాడు, ఏడాదికి గరిటె పట్టాడు. ఇక్కడి మసాలాలు అలవాటు కావాలిగా అని ఊరికి చెప్పాం. ఇప్పుడు వాడి పులావుకు మా వైపు తిరుగులేదు, అది మాత్రం ఎవరి దయా కాదు.

షాహిస్తా ఇప్పుడు చీరాలలో డిగ్రీ చదువుతోంది. పోయినేడాది నుంచి తండ్రి కథలను ఫోనులో తీసి అందరికీ చూపిస్తోంది. పొయ్యి మీద డేగిసా, పక్కన గరిటెతో పీరు, వెనక నా షామియానా. లక్షమంది చూశారని ఆ పిల్ల చెబితే, నా షామియానా చిరుగు కూడా లక్షమంది చూసినట్టేగా అన్నాను.

ఆ వీడియోలే కొంప ముంచాయి. మాఘమాసంలో తుళ్లూరు నుంచి చైతన్యకృష్ణ అనే ఆయన కారేసుకుని వచ్చాడు. రాజధానికి పొలాలిచ్చిన కుటుంబం. కొత్త ఇంట్లో పాలు పొంగించిన మూడోరోజున రెండొందల మందికి వేటమాంసం భోజనాలు పెట్టుకున్నారు.

"పీరుగారూ, బిర్యానీ అందరూ పెడుతున్నారండి. మీరు అరబ్బుల మండీ చేయాలి. హోటళ్లలో చేసేది కాదు, షేకుగారి ఇంట్లో చేసినట్టు గుంటలో చేయాలి. లేత పొట్టేళ్లు ఆరు చెప్పి ఉంచాను."

"చేస్తారండి" అంది షాహిస్తా, తండ్రి నోరు తెరిచేలోపే.

ఆ సాయంత్రం పీరు నా కొట్టుకొచ్చి, పేర్చిన కుర్చీల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"చెప్పేయరా ఆ పిల్లకి" అన్నాను.

"చెప్పి?"

"చెప్తే ఏమైద్ది? గొర్రెలు కాయటం దొంగతనమా?"

"అది కాదన్నా. నాలుగేళ్లు నేను లేని ఇంట్లో పెరిగింది. ఆ నాలుగేళ్లకీ దానికి నేనిచ్చింది ఈ కథలే. అవి కూడా నావి కావంటే, ఇంక దానికి నేనేం ఇచ్చినట్టు?"

నాకు జాలేసినప్పుడల్లా కోపమొస్తుంది. "అయితే వండి చావు" అన్నాను.

పదిరోజుల గడువుంది. నా గోడౌను వెనక ఖాళీ జాగాలో గుంట తవ్వి చూద్దామనుకున్నాం. మాది నల్లరేగడి, పైగా సాగర్ కాలువకు నీళ్లు వదిలిన వారం. మూడడుగులు దిగేసరికి చెమ్మ తేలింది. అయినా ఇనుప పీపా ఒకటి దించాం. నిప్పులకు కట్టె కావాలంటే నేను పొలం నుంచి ట్రాలీడు పత్తికట్టె తెప్పించాను. పైన పత్తికట్టే. అడుగున సగం మిరపకట్టె, దాని నిండా ఎవరూ కోయకుండా వదిలేసిన తాలుకాయలు. మిరప పండే ఊళ్లో పుట్టి మిరపకట్టె గుర్తుపట్టలేవా అని ఎవరైనా అడిగితే నేను వాళ్లతో మాట్లాడను. నిప్పు అంటుకున్న ఐదు నిమిషాలకు వీధి మొత్తం దగ్గింది. బళ్లో పిల్లలను ఇళ్లకు పంపేశారు. పోస్టుమాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ వచ్చి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. మాంసం మాత్రం సగం పచ్చిగా, సగం పొగచూరి బయటికొచ్చింది. రెండోసారి కట్టె ఏరి మంట పెడితే, చెమ్మకు మట్టి జారి పీపా ఒరిగింది, మాంసం బూడిదలో పడింది.

పీరు ఆ గుంట చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పొద్దున చూస్తే అక్కడే, మధ్యాహ్నం చూస్తే అక్కడే. కూర్చోమంటే కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు.

"మట్టి కాదన్నా, ఇసక కావాల. ఇసకైతే నిప్పు చల్లారదు."

"నువ్వెప్పుడు చూశావురా?"

దానికి మాట మార్చి, పీపా లోతు ఎంత ఉండాలో చెప్పడం మొదలుపెట్టాడు. వండనివాడికి ఇసుక సంగతి ఎలా తెలిసిందని నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు.

షాహిస్తా ఫోను పట్టుకుని చుట్టూ తిరుగుతూ, "షేకుగారింట్లో గుంట ఎంతుండేది నాన్నా? ఎంతమంది తవ్వేవాళ్లు?" అని అడిగేది. వాడు ఊఁ అనో, ఆఁ అనో గడిపేవాడు. ఆ పదిరోజుల్లో వాడి బుగ్గలు లోపలికి పోయాయి. రసూల్‌బీ రోజూ నా కొట్టు మీదుగా వెళ్తూ నావైపు ఒక చూపు చూసేది, తగలెట్టింది నేనే అన్నట్టు.

భోజనాలకు ముందురోజు పొద్దున్నే తుళ్లూరు చేరాం. ఆ ఊళ్లో ఎటు చూసినా కట్టుబడే. చైతన్యకృష్ణ ఇంటి వెనక పెద్ద ఇసుకగుట్ట ఇంకా మిగిలి ఉంది, కృష్ణానది ఇసుక. దాన్ని చూడగానే పీరు చెప్పులు విడిచి అందులోకి వెళ్లి నిలబడ్డాడు. పదిరోజుల తర్వాత వాడి కాళ్లు కాస్త ఆగాయి. ఆ గుట్టలోనే మూడు పీపాలకు చోటు చేశాం.

పదకొండింటికి పొట్టేళ్లు వచ్చాయి. తెచ్చినవాడు వెంకయ్య, నరసరావుపేట వైపు గొర్రెల కాపరి, డెబ్భై ఏళ్ల మనిషి. టెంపో తలుపు తీశాడో లేదో, పక్కింట్లో రాయి కోసే మిషను కీచుమంది. ఆరు పొట్టేళ్లూ ఒక్కసారిగా కిందికి దూకి, లారీలు తిరిగే రోడ్డు వైపు పరుగు తీశాయి. వెంకయ్య హోయ్ హోయ్ అంటూ కర్రతో వెంటపడ్డాడు. అవి ఇంకా బెదిరాయి.

పీరు చేతిలో పార పడేశాడు. నాలుక అంగిట్లో దొర్లించి ఒక పిలుపు పిలిచాడు. ట్ర్‌ర్‌ర్ర్ అని మొదలై, చివర లోగొంతులో హో అని ఆగే పిలుపు. వాడు తిరిగొచ్చిన ఈ పదకొండేళ్లలో నేనెప్పుడూ వాడి నోట వినలేదు. పొట్టేళ్లు ఆగాయి. మళ్లీ పిలిచాడు. ఒకటి వెనక్కి తిరిగింది, దాని వెనక మిగతా ఐదూ తిరిగాయి. వచ్చి వాడి మోకాళ్ల చుట్టూ మూగాయి. వాడు వంగి ఒకదాని గిట్ట పైకెత్తి చూశాడు, ఇంకోదాని చెవి నిమిరాడు, వీపుల మీద చెయ్యేస్తూ ఆరింటినీ లెక్కపెట్టుకున్నాడు.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముద్దంటే ఇదేరా అని నేను నవ్వబోయాను. వెంకయ్య నవ్వలేదు.

"ఏమయ్యా, నిన్ను వంటోడివన్నారే. ఇది వంటోడి పిలుపు కాదు. నా మందలో పుట్టినయ్యి నా మాట ఇనకుండా నీకాడికొచ్చినయ్యంటే, నువ్వు ఏళ్ల తరబడి మంద కాసినోడివి."

షాహిస్తా అంతవరకూ ఫోనులో తీస్తూనే ఉంది. చెయ్యి మెల్లగా దించి, ఆపేసింది.

"నాన్నా?" అంది.

పీరు నావైపు చూశాడు. నేను తల వంచుకున్నాను, అంతకంటే నావల్ల కాలేదు.

వెంకయ్య పొట్టేళ్లను ఇంటి పక్క నీడకు తోలుకుపోయాక, వాడు ఇసుకగుట్ట మీద కూర్చుని చెప్పాడు. ఏజెంటు, జీపు, మూడొందల గొర్రెలు, ఉల్లిపాయలు, అన్నీ చెప్పాడు.

"మరి షేకుగారి ఇల్లు?"

"బయట్నుంచి కూడా చూళ్లేదమ్మా."

"అమ్మకి తెలుసా?"

"తెలుసు."

"పెదనాన్నకి?" అని నావైపు తిరిగింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. "అంటే నేనొక్కదాన్నే."

ఆ పిల్ల తండ్రి ఎదురుగా ఇసుకలో కూలబడింది. "గొర్రెలు కాశావని కాదు నాన్నా. నువ్వు ఆకలితో ఉన్నావని నాకు చెప్పలేదు. ఆ కథలు వింటా నేను రోజూ అన్నం తిన్నాను."

పీరు ఇసుకను పిడికిట్లోకి తీసి వదులుతున్నాడు.

"అన్ని కథల్లో ఒక్కటి కూడా నువ్వు వండలేదా?" అని అడిగింది.

"ఒక్కసారి" అన్నాడు వాడు. "అది నీకు చెప్పలేదు. అన్నకీ చెప్పలేదు."

అది మూడో ఏడాది బక్రీదు. ముందురోజు యజమాని లారీ తెచ్చి, మంచి మంచి పొట్టేళ్లను ఎక్కించుకుపోయాడు. ఆ తొక్కిసలాటలో ఒక గొర్రెపిల్లకు నడుం విరిగింది. ఇంక బతకదు. పండగ పొద్దున గుల్, ఇద్రీస్ వచ్చారు. కత్తి గుల్ దగ్గరే ఉంది. బిస్మిల్లా చెప్పి కోశాడు. పాత డీజిల్ పీపాను ఇసుకలో పూడ్చి, ముళ్లకంప నిప్పులు చేసి, పిల్లను తీగకు కట్టి దించి, పైన రేకు మూసి ఇసుక కప్పారు. గుల్ చెబుతుంటే పీరు చేశాడు. ఉప్పు లేదు. గొర్రెలు నాకడానికి పెట్టే ఉప్పుగడ్డ ఉంటే దాన్నే గీరి వేశారు. మూడేళ్లుగా ఒకరికొకరు నోటితో వడ్డించుకున్న విందులన్నీ ఆ ఒక్క పిల్లలో తిన్నారు. గుల్ వేళ్లు నాక్కున్నాడు, ఈసారి నిజంగా.

మర్నాడు యజమాని మనిషి వచ్చి మంద చూశాడు. ఒకటి తగ్గింది. పీరు మెడ పట్టుకుని ఎవరు కోశారని అడిగాడు.

"గుల్ పేరు చెప్పాను" అన్నాడు పీరు. "కోసింది వాడే, అబద్ధం కాదు. కానీ మంద నాది. వండింది నేను. తిన్నది ముగ్గురం. నేను వాడి పేరొక్కటే చెప్పాను. వాణ్ణి జీపెక్కించుకుని పోయారు. మళ్లీ కనపళ్లా. ఏం చేశారో తెలీదు. ఆరోజు తిన్నదే, మళ్లీ మాంసం నోట పెట్టలేదమ్మా."

పీరు ఒక్కరోజు కూడా వంట చేయలేదని మొదట్లో రాశాను. ఇన్నేళ్లూ నేను తెలుసనుకున్నది అదే కాబట్టి కొట్టేయకుండా ఉంచుతున్నాను.

"ఆ పిలుపు?" అంది షాహిస్తా.

"వాడు నేర్పిందే."

"ఇన్ని కథలు చెప్పావు. గుల్ ఎక్కడా లేడు."

"పేరొస్తే ఇది కూడా చెప్పాల్సొచ్చిద్దని."

ఆ పిల్ల లేచి ఇంటివైపు వెళ్లిపోయింది. పీరు చైతన్యకృష్ణ దగ్గరికెళ్లి, షేకూ లేడు, ఇల్లూ లేదు, ఇలాంటి వంట బతుకులో ఒక్కసారే చేశానని ఉన్నదున్నట్టు చెప్పాడు. చైతన్యకృష్ణ తల గోక్కున్నాడు. "రేపు రెండొందల మంది వస్తున్నారండి. ఇప్పుడు నాకు కథెందుకు? వండటం వచ్చా రాదా, అది చెప్పండి" అన్నాడు. వచ్చండి అన్నాడు పీరు.

మర్నాడు మధ్యాహ్నం పీపాల మీద రేకులు తీశాం. వేలితో తాకితే ఎముక నుంచి ఊడిపోయింది మాంసం. జనం తిన్నారు, బాగుందన్నారు, ఆపైన కారమేదయ్యా అని గొణిగారు. చైతన్యకృష్ణ వాళ్ల అమ్మ సుబ్బరావమ్మగారు లోపల్నుంచి పండుమిరప పచ్చడి జాడీ తెప్పించి స్వయంగా వడ్డించింది. అప్పుడుగాని మావాళ్ల మొహాలు విచ్చుకోలేదు. ఎక్కడి కొండల వాడో నేర్పిన వంటలో మా పచ్చడి కలిపి లాగించారు.

బంతులన్నీ లేచాక షాహిస్తా వచ్చింది. నిన్నటి నుంచి తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు. చిన్న పళ్లెంలో ఒక ముక్క, పక్కన కాస్త ఉప్పు పెట్టి, ఇసుక మీద వాడి ముందుంచింది. తినమని అనలేదు. ఎదురుగా కూర్చుని ఫోను తీసింది.

పీరు ముక్కను ఉప్పుకు అద్ది నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. తర్వాత ఫోనులోకి చూస్తూ మాట్లాడాడు. ఈ వంట నాది కాదు, గుల్‌ది. అన్నం మీద పెరుగు పోసే కథ ట్యాంకరు డ్రైవరుది, కార్జం కథ ఇద్రీస్‌ది, మంచుదేశం కథ గుల్‌ది. నేను గొర్రెలు కాశాను. గుల్ నా ఆకలి తీరిస్తే, నేను వాణ్ణి పట్టిచ్చాను. అంతా చెప్పాడు. ఈసారి ఆ పిల్ల ఫోను దించలేదు.

"ఈ వీడియో పెట్టమంటావా?" అని అడిగింది. "ఇన్నాళ్లూ అబద్ధాలు చెప్పాడని అందరూ అంటారు."

"అననీ. బతికుంటే వాడు చూస్తాడేమో."

"ఆయనకి తెలుగు రాదుగా నాన్నా."

పీరు ఆలోచించాడు. మూతి తుడుచుకుని, ఫోనుకు దగ్గరగా జరిగి, నాలుక అంగిట్లో దొర్లించి గుల్ నేర్పిన పిలుపు పిలిచాడు. రెండుసార్లు పిలిచి, ఆగి, ఫోను వైపు చూస్తూ కదలకుండా కూర్చున్నాడు.